కూల్చని ఇల్లు

ఆ వేసవిలో ఫెస్టస్ టోలన్‌ను మా నాన్న క్షమించాడు. మా ఊరు క్లూన్‌బ్రాక్‌లో ఇప్పటికీ ఆ సంగతి కథలుగా చెప్పుకుంటారు. "నువ్వు ఆ గదిలోనే ఉన్నావట కదా, చెప్పు" అని నన్ను అడుగుతారు. నేను టీ పెట్టే వంకతో లేచి వెళ్లిపోతాను. ఇన్నేళ్లకు నోరు విప్పుతున్నానంటే దాచుకోవడం ఇక చేతకాక విప్పుతున్నాను. అంతేగాని నేనేదో మంచిదాన్నని కాదు.

అది 1987. నాకు పంతొమ్మిదేళ్లు. చదువు అంతంతమాత్రం, ఊళ్లో పనుల్లేవు. పనిలేని వాళ్ల కోసం ప్రభుత్వం ఒక పథకం పెట్టి, నన్ను తీసుకొచ్చి చర్చి పారిష్ హాల్లో ఒక బల్ల ముందు కూర్చోబెట్టింది. జ్ఞానస్నానాల పుస్తకాలు, పెళ్లిళ్ల పుస్తకాలు, పాత భూముల పట్టీలు ముందేసుకుని పేర్లన్నీ అట్టముక్కల మీదికి ఎక్కించడం నా పని. ఎవరికి ఎవరు పుట్టారు, ఎవరు ఎవరిని కట్టుకున్నారు, ఏ ఏడు పైదేశానికి పడవెక్కారు. ఎవరైనా పైదేశం నుంచి వచ్చి మా ముత్తాత ఇల్లెక్కడ అంటే వెతికి చూపించాలి. ఆ ఏడు వాళ్ల తాకిడి మరీ ఎక్కువ. ఇళ్లు కూల్చి అప్పటికి సరిగ్గా నూరేళ్లు, ఆగస్టులో పెద్ద సభ పెట్టుకున్నాం. సభకు పెద్ద మా నాన్న ఆంథనీ గిల్వరీ.

ఆ ఇళ్ల కథ మా పారిష్‌లో, అంటే మా చర్చి కిందికొచ్చే ఊళ్లన్నిటిలో, పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. 1887లో రైతులంతా ఒక్కటై దొరకు కౌలు కట్టేది లేదని ప్రమాణం చేశారు. ప్రమాణం రాసింది, మొదటి సంతకం పెట్టింది మా ముత్తాత ఆస్టిన్ గిల్వరీ. దొర ఏజెంటు పోలీసులనూ, గోడలు పడగొట్టే దూలాన్నీ తెచ్చి పద్నాలుగు కుటుంబాలను బయటికి ఈడ్చాడు. మొట్టమొదట పడింది మా ముత్తాత ఇల్లే. పద్నాలుగింట్లో పదమూడు నేలమట్టమయ్యాయి. ఒక్కటి మాత్రం కూల్చలేదు. నెల తిరక్కుండా మైఖేల్ టోలన్ మళ్లీ ఆ ఇంట్లోనే పొయ్యి రాజేశాడు. ఇంకేం కావాలి? ఇల్లు నిలబడిందంటే లోపలివాడు అమ్ముడుపోయినట్టే. ఆనాటి నుంచి మా దగ్గర టోలన్ అనేది ఇంటిపేరు కాదు, తిట్టు. మా ముత్తాత మాత్రం రెండేళ్లు గుడిసెలో చలికి వణుకుతూ పడి ఉండి, చివరికి ఏటి ఒడ్డు పొలం సంపాదించుకున్నాడు. ఆయన పడ్డ కష్టానికి దేవుడు చూపిన దయ అనేవారు.

నా కాలానికి టోలన్ల మీద రాళ్లేసేవాళ్లెవరూ లేరు. దుకాణంలో సరుకులిస్తారు, ఎదురుపడితే వాన గురించి ఒక మాట అంటారు. అంతవరకే. వాళ్లింట్లో టీ తాగరు, వాళ్లను టీకి పిలవరు. ఆ ఇంట్లో చావు జరిగితే గడప తొక్కరు, గొయ్యి తవ్వరు. మా వైపు అయినవాళ్ల గొయ్యి అయినవాళ్లు తవ్వకూడదు, అది ఇరుగుపొరుగు చెయ్యాల్సిన పని. టోలన్లకు ఇరుగూ లేదు, పొరుగూ లేదు. 1954లో భార్య పోతే ఫెస్టస్ టోలన్ తనే పార పట్టి తవ్వుకున్నాడు. ఫెస్టస్ అంటే ఆ మైఖేల్ కొడుకు. చిన్నప్పుడు మేం ఆ మాట చెప్పుకుని నవ్వుకునేవాళ్లం. ఎందుకు నవ్వామో ఇప్పుడడిగితే చెప్పలేను.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఫెస్టస్ కూతురు డెలియా హాలుకు వచ్చింది. యాభై ఆరేళ్ల మనిషి, పెళ్లి కాలేదు. టోలన్ల పిల్లను ఎవరు చేసుకుంటారు? తలుపు దగ్గరే నిలబడి స్కార్ఫు ముడి విప్పుతూ, బిగిస్తూ ఉంది.

"నువ్వు ఆంథనీ కూతురివి కదూ? ఊనా కదూ నీ పేరు?"

"అవునండీ. లోపలికి రండి, కూర్చోండి."

"కూర్చుంటే ఎవరన్నా చూస్తారు. నీకే మాటొస్తుంది." అలా అంటూనే వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. "ఈస్టరు నాడు మా నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, నోరు పడిపోయింది. పడిపోకముందు రెండు రోజులు ఒకటే పాట. ఏజెంటు పుస్తకంలో ఉంది, ఏజెంటు పుస్తకంలో ఉంది అని. దొర బంగళా వేలంలో ఆ పుస్తకాలు బయటపడ్డాయనీ, ఇక్కడికి చేర్చారనీ పేపర్లో చూశాట్ట."

నిజమే. చెక్కపెట్టెడు కాగితాలు నా బల్ల కింద ఉన్నాయి. నేనింకా దుమ్మయినా దులపలేదు.

"అందులో ఏముందంటారు?"

"మా తాత ఏ తప్పూ చెయ్యలేదని ఉందట. ఎనభై నాలుగేళ్ల మనిషి, పుట్టినప్పటి నుంచీ అదే చెప్తున్నాడు. వినేది నేనొక్కదాన్నే. నాకే సగం నమ్మకం లేదు, నీకేం చెప్పను." ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంది. "గొయ్యికి నలుగురు మగాళ్లు కావాలమ్మాయ్. నేను తవ్వలేకనా? బంగాళాదుంపలు తవ్వీ తవ్వీ కాయలు కాసిన చేతులివి. కానీ నేను తవ్వుతుంటే సమాధుల గోడ మీద కూర్చుని చూస్తారే, వాళ్ల ముందు మా నాన్న గొయ్యి తవ్వలేను. ఒక్క కాగితం ఉంటే చూడు తల్లీ. ఫాదర్ మున్నెల్లీ చేత చర్చిలో ఆదివారం పూజప్పుడు చదివిస్తాను. ఆపైన ఎవరు వస్తారో, ఎవరు రారో చూస్తాను."

వెతుకుతానన్నాను. దొరికితే మీకే ముందు చూపిస్తానని కూడా అన్నాను. ఎవరూ అడక్కుండా ఇచ్చిన మాట అది.

దొరకడానికి నెల పట్టింది. ఏజెంటు పంపిన ప్రతి ఉత్తరానికీ ఉల్లిపొరలాంటి కాగితం మీద నకలు తీసి పుస్తకంగా కుట్టుకున్నాడు. సిరా అవతలి పక్కకు దిగి ఒక పేజీలో రెండు పేజీలు కనపడేవి. కిటికీకి ఎదురుగా పట్టుకుని ఒక్కొక్కటే చదువుతూ పోయాను. జూన్ పద్దెనిమిదో తేదీ, గురువారం నాడు దొరికింది. ఉత్తరం లండన్‌లో ఉన్న దొరకు రాసినది.

"ప్రమాణం చేసినవారి జాబితాను గిల్వరీయే తెచ్చి నాకు ఇచ్చినాడు. ముందుగా తన ఇంటినే కూల్చవలసినదని కోరుచున్నాడు. అటులైన జనము తనను అనుమానింపరట. రెండేండ్లు గడచిన పిమ్మట ఏటి ఒడ్డు భూమి తన పేర ఇప్పింపవలెనట. టోలన్ అనువానిని తిరిగి వాని ఇంటిలో ఉండనిమ్మని సలహా ఇచ్చినదియు ఇతడే. టోలన్ భార్యకు నెలలు నిండినవి, కనుక వాడు కాదనడని చెప్పుచున్నాడు. తిట్టుటకు ఒకడు దొరికినచో జనము మరి వేరెవరినీ వెదకరని వీని ఊహ. మనిషి గట్టివాడు."

మూడుసార్లు చదివాను. మొదటిసారి గిల్వరీ అంటే మరెవరో అనుకున్నాను. మాది కాకుండా ఆ పేరు పారిష్‌లో ఇంకెవరికీ లేదని నా చేత్తో నేను రాసిన అట్టముక్కలే చెబుతున్నాయి. వంశవృక్షాలు గీసి గీసి ఆరితేరినదాన్ని, నా కొమ్మ ఎక్కడ మొలిచిందో వెతుక్కోవలసిన పని లేకపోయింది.

ఆ కాగితాన్ని పుస్తకంలోంచి జాగ్రత్తగా విడదీసి, మడిచి, కోటు లోపలి జేబులో పెట్టుకుని సైకిలెక్కాను. నాలుగు రోడ్ల దగ్గర ఎడమకు తిప్పితే టోలన్ల ఇల్లు, కుడికి తిప్పితే మాది. నేను కుడికి తిప్పాను. నాన్నకు ముందు చెప్పడం న్యాయమే కదా అనుకున్నాను. ఆ అనుకోవడంలోనే ఉంది అంతా.

నాన్న పొలం నుంచి వచ్చి భోజనానికి కూర్చున్నాడు. ఉడకేసిన దుంపలు, క్యాబేజీ, ఉప్పుమాంసం. అమ్మ పొయ్యి దగ్గర ఉంది. నేను కాగితం ఆయన కంచం పక్కన పెట్టాను. చేతులు ప్యాంటుకు తుడుచుకుని, కళ్లజోడు తెప్పించుకుని, తాపీగా చదివాడు.

"చేతిరాత ముత్యాల్లా ఉంది" అన్నాడు.

"నాన్నా, నీకు ముందే తెలుసా?"

"పొలం నా పేర పెట్టిన రోజు మా నాన్న చెప్పాడు. ఆయనకి వాళ్ల నాన్న చెప్పాడు. కొడుకు ఉండుంటే వాడికి చెప్పేవాణ్ణి. నువ్వు ఆడపిల్లవి, నీకెందుకులే అని ఊరుకున్నా."

అమ్మ వచ్చి ఆయన భుజం మీదుగా చదివింది. అమ్మ పేరు వినీ, పుట్టింటివాళ్లు రుయేన్లు. కూల్చిన పదమూడు ఇళ్లలో వాళ్లది ఒకటి.

"మా నాయనమ్మ రోడ్డు పక్కన కంది, ఆంథనీ" అంది అమ్మ. "ఆ బిడ్డ తెల్లారేదాకా బతకలేదు."

"తెలుసు వినీ."

"తెలిసే నన్ను చేసుకున్నావా?"

"నువ్వంటే ఇష్టపడి చేసుకున్నాను. దానికీ దీనికీ ఏమిటి సంబంధం?" నాన్న దుంప తొక్క తీస్తూ అన్నాడు. ఆయన వెటకారమాడటం లేదు. నిజంగానే ఆయనకు సంబంధం కనపడలేదు.

అమ్మ వంటింటి తలుపు తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది. చాలాసేపు కోళ్లను పిలుస్తూ ఉండిపోయింది. కోళ్లకు మేత వేసి అప్పటికే గంటయింది.

"డెలియాకి ఇస్తానని మాటిచ్చాను" అన్నాను.

"ఏం చేసుకుంటుందట దీన్ని?"

"వాళ్ల నాన్నకి గొయ్యి తవ్వడానికి నలుగురు కావాలట."

"అంతేనా? దానికి కాగితం దేనికే? మగాళ్లు నలుగురైతే చాలదూ?" అని, కాసేపు కిటికీలోంచి చూస్తూ దుంప నమిలాడు. మా నాన్న సంగతి నాకు తెలుసు, పాము చావాలి, కర్ర విరగకూడదు. సంతలో దూడ బేరం చేసినా అదే ముఖం. "నేను క్షమిస్తాను" అన్నాడు చివరికి.

"ఎవరిని?"

"ఫెస్టస్‌ని. నూరేళ్లు నిండాయి. ఇకనైనా మనసు పెద్దది చేసుకోవాలి. ఆస్టిన్ గిల్వరీ మనవణ్ణి, నేను పార పడితే పట్టనివాడెవడు? వాళ్లకి కావలసింది వాళ్లకి దొరుకుతుంది. మనకున్నది మనకుంటుంది. ఇందులో ఎవడికి నష్టమో చెప్పు."

"అబద్ధం కదా నాన్నా."

"గొయ్యి తవ్వుతానన్నది అబద్ధమా? పైన నలుగురూ, కింద ఆరడుగులూ, అంతా నిజమే." ఆయన గొంతు తగ్గించాడు. "ఈ కాగితం బయటికి పోతే ఆగస్టులో సభ ఉండదు. మీ అమ్మ వాళ్లవాళ్లు మన గుమ్మం ఎక్కరు. నువ్వు పెళ్లిళ్లకీ చావులకీ ఎవరింటికి వెళ్లినా గుసగుసలే. టోలన్ల పిల్ల ఎలా బతికిందో చూశావుగా. నీకలా కావాలా? ఏటి ఒడ్డు పొలం నా తరవాత నీదే, అది కూడా గుర్తుంచుకో."

"కాల్చెయ్యమంటావా?"

"ఛ, చచ్చినవాళ్ల కాగితం కాలిస్తే పాపం. నీ దగ్గరే ఎక్కడో పెట్టు. ఆ పుస్తకాలు చదివే ఓపిక ఎవడికుంది? వచ్చేవాళ్లకి ఒక పేరు, ఒక ఏడు, పక్కన నిలబడి ఫోటో తీయించుకోడానికి ఒక మొండిగోడ, అంతే కావాలి."

పొలం కోసం ఒప్పుకోలేదని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. కొంత పొలం కోసమే. ఎక్కువ భయం. డెలియాలా బతకడం అంటే ఏమిటో పంతొమ్మిదేళ్లుగా ఇవతలి పక్క నుంచి చూసినదాన్ని, అవతలికి వెళ్లే ధైర్యం నాకు లేకపోయింది.

మర్నాడు డెలియా వచ్చింది. ఈసారి కూర్చోలేదు.

"ఏమన్నా దొరికిందా?"

"లేదండీ. అంతా చూశాను."

"అంతా చూశావా?"

"అంతా."

"అనుకున్నాలే" అందామె. కోపం రాలేదు, ఏడవలేదు. కాళ్ల చెప్పుల వంక చూసుకుంది. "పాపం, మా నాన్న" అని, నాకు థాంక్స్ చెప్పి వెళ్లిపోయింది.

ఆ రాత్రి ఎప్పటిలా నాన్న మోకాళ్ల మీద కూర్చుని జపమాల మొదలుపెట్టాడు. ఆయన సగం చెబితే మిగతా సగం అమ్మ అందుకోవాలి. అమ్మ అందుకోలేదు. నేను అందుకున్నాను. తరవాత ఎన్నడూ అమ్మ ఆయనతో కలిసి జపమాల చెప్పలేదు. వంటింట్లో ఒక్కతే నిలబడి చెప్పుకునేది. వయసుతో వినీకి భక్తి ముదిరింది అన్నారు ఊళ్లో.

జులై మొదటి ఆదివారం పూజ అయ్యాక నాన్న ఫాదర్ మున్నెల్లీని వెంటబెట్టుకుని టోలన్ల ఇంటికి బయలుదేరాడు. వెనక రుయేన్ల నుంచి ఇద్దరు, ఇంకా నలుగురైదుగురు మగాళ్లు. నన్ను కూడా రమ్మన్నాడు. నేను పొయ్యి మీద ఏదో ఉందన్నాను. "నువ్వు రావాలి" అన్నాడు. నన్ను కూడా అందులో కలిపేసుకోవాలని ఆయన ఉద్దేశం. అప్పుడు అర్థం కాలేదు.

మా కుటుంబంలో నూరేళ్లలో ఆ గడప దాటినవాళ్లం మేమే. లోపల సున్నం కొత్తగా వేసి ఉంది. మేం వస్తున్నామని ఫాదర్ కబురు పెట్టాడట, డెలియా రెండు రోజులు కష్టపడి వేసింది. గోళ్లలో ఇంకా తెల్లగా ఉంది. బల్ల మీద పన్నెండు కప్పులు పెట్టింది. అన్ని కప్పులు ఆ ఇంట్లో ఎప్పుడూ ఉండి ఉండవు, కొన్నిటికి ధర చీటీలు అంటుకుని ఉన్నాయి.

ఫెస్టస్ పొయ్యి పక్క గదిలో మంచం మీద ఉన్నాడు. నోరు ఒక పక్కకి జారింది. కళ్లు మాత్రం జారలేదు. మా అందరినీ వరసగా చూశాడు, చివరికి నా దగ్గర ఆగాడు. పుస్తకాల దగ్గర కూర్చునే పిల్లను నేనేనని డెలియా చెప్పి ఉంటుంది.

నాన్న టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఫెస్టస్, నూరేళ్ల కింద నీ తండ్రి ఏం చేశాడో ఈ పారిష్‌కు తెలుసు. నా తాత గుడిసెలో పడుకున్నాడు. వినీ వాళ్ల బిడ్డ చలికి పోయింది. ఇవాళ ఆస్టిన్ గిల్వరీ మనవడిగా చెప్తున్నా, ఇక్కడితో సరి. నేను క్షమించాను. నీకు వేళొచ్చిన రోజున నా పార ముందుంటుంది."

ఎవరో ముక్కు చీదారు. ఫాదర్ మున్నెల్లీ శిలువ గుర్తు వేసుకున్నాడు. నాన్న చెయ్యి చాపాడు.

ముసలాయనకు ఎడమ చెయ్యి ఒక్కటే ఆడుతుంది. దాన్ని దుప్పటి కిందికి లాక్కున్నాడు.

"నాన్నకి సిగ్గు" అంది డెలియా గబగబా. "ఇంతమందిని చూసి ఎన్నాళ్లయిందో." వంగి, చచ్చుబడిన కుడి చెయ్యి ఎత్తి, తీసుకొచ్చి మా నాన్న చేతిలో పెట్టింది. రెండు చేతుల్నీ తన చేత్తో మూసి పట్టుకుంది, జారిపోకుండా.

అప్పుడు ఫెస్టస్ ఎడమ చెయ్యి దుప్పటి కిందనుంచి బయటికి వచ్చింది. నా వైపే చూస్తూ దుప్పటి మీద వేళ్లతో ఒకటే పని చెయ్యడం మొదలుపెట్టాడు. పేజీ తిప్పినట్టు. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. గొంతులోంచి ఏదో గురక లాంటిది వచ్చింది.

"థాంక్స్ చెప్తున్నాడు" అంది డెలియా, కళ్ల నీళ్లు పెట్టుకుని. "ఆంథనీ, నీకు థాంక్స్ చెప్తున్నాడు."

"నాకెందుకు, దేవుడికి చెప్పమను" అన్నాడు మా నాన్న.

నేను గోడ పక్కన నిలబడి ఉన్నాను. ఒక్క మాట అంటే చాలు. నా నాలుక నా నోట్లోనే ఉంది, పక్షవాతం నాకు రాలేదు. నేను వెళ్లి కప్పుల్లో టీ పొయ్యడానికి సాయం చేశాను. ఊళ్లోవాళ్లు తాగారు. టోలన్ల ఇంట్లో టీ బాగానే ఉందని దారిలో ఒకరితో ఒకరు చెప్పుకున్నారు కూడా.

పన్నెండు రోజుల తరవాత ఫెస్టస్ పోయాడు. నాన్న మాట తప్పే మనిషి కాదు. పొద్దున్నే ముసురులో ముగ్గురిని వెంటేసుకుని సమాధుల దగ్గరకు వెళ్లాడు, మొదటి పార మట్టి తనే తీశాడు. రాతినేల అది, మధ్యాహ్నం దాకా పట్టింది. తవ్వడం అయ్యాక పారా గునపమూ గొయ్యి మీద శిలువలా అడ్డం పెట్టారు. డెలియా విస్కీ సీసా, రొట్టె పట్టుకొచ్చి తవ్విన ఒక్కొక్కరి దగ్గరా ఆగి అందించింది. నాన్న దగ్గరకు వచ్చేసరికి ఆమె వంగి ఆయన మట్టి చేతిని ముద్దు పెట్టుకుంది. ఆయన లాక్కోలేదు. చర్చి నిండిపోయింది ఆ రోజు. బతికుండగా ఫెస్టస్ టోలన్‌కు నమస్కారం పెట్టనివాళ్లు కూడా శవపేటిక కింద భుజం పెట్టడానికి ఒకరినొకరు తోసుకున్నారు. మంచితనం ఊరికి కొత్త సరదా అయిపోయింది.

ఆగస్టు పదిహేను సభకు మూడు బస్సుల జనం. నాలుగు రోడ్ల దగ్గర రాయి నిలబెట్టి, దాని మీద పదమూడు కుటుంబాల పేర్లు చెక్కించారు. అన్నిటికన్నా పైన మా ముత్తాత పేరు. డెలియాను ముందు వరసలో కూర్చోబెట్టారు. నాన్న మాట్లాడుతూ, పోట్లాడటం మా తాతకు తెలుసు, మన్నించడం మనకు తెలియాలి అన్నాడు. పైదేశం వాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వాళ్లలో ఒకావిడకు వంశం వెతికి ఇచ్చింది నేనే. షికాగో నుంచి వచ్చింది, నీలం కోటు, రుయేన్ల దూరపు కొమ్మ. ఆవిడ ఏడుస్తూ డెలియాను కావలించుకుంది.

"ఆ చనిపోయిన పసిబిడ్డ తరఫున నేను కూడా మిమ్మల్ని క్షమిస్తున్నానండీ."

"మీ మనసు గొప్పది" అంది డెలియా. ఆవిడ వెనక ఇంకో ఇద్దరు నిలబడ్డారు, వాళ్లూ క్షమిద్దామని. డెలియా అందరికీ తల వంచింది. మా అమ్మ ఆ సభకు రాలేదు. కాళ్ల నొప్పులని చెప్పమంది, చెప్పాను.

సెప్టెంబరు ఆఖరుకు నా పథకం ముగిసింది. పెట్టె కట్టి జిల్లా లైబ్రరీకి పంపాలి. ఆ వారం నాకు నిద్ర లేదు. ముసలాయన వేళ్లు దుప్పటి మీద తిరుగుతూనే ఉన్నాయి. అందుకని డెలియా శనివారం హాలుకు వచ్చినప్పుడు, ఆమె స్కార్ఫు విప్పకముందే సొరుగులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాను. ఆమె చేతిలో గుడ్డ కప్పిన పళ్లెం ఉంది.

"ఏమిటిది?"

"ఏజెంటు ఉత్తరం. మీ తాతగారి గురించి."

పళ్లెం కిందపెట్టింది. కాగితం ముట్టుకోలేదు. "మంచా, చెడా?"

"మంచిదే. ఆయన ఏ తప్పూ..."

ఆమె చెయ్యి ఎత్తింది. ఆపేశాను.

"ఎప్పుడు దొరికింది?"

"జూన్‌లో."

"జూన్‌లోనా." మెల్లగా కూర్చుంది. ఈసారి కుర్చీ నిండా కూర్చుంది. "అప్పటికి మా నాన్న ఉన్నాడు."

"ఉన్నారు."

"ఆ రోజు చేత్తో అన్నాడే. అది థాంక్స్ కాదన్నమాట."

"కాదు."

"నేనే ఆ చెయ్యి ఎత్తి పట్టించాను" అంది డెలియా. "నేనే పట్టించాను కదూ? జారిపోతుంటే మూసి మరీ పట్టుకున్నాను."

తప్పయిపోయింది, నన్ను క్షమించండి అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక నాకే సిగ్గేసింది. ఆ వేసవంతా ఆ మాటను మేం ఎంత అరగదీశామో ఆమెకు తెలుసు. ఆమె నవ్వలేదు, నా ముఖంలోకి చూడలేదు.

"ఇప్పుడు చదవండి" అన్నాను. "ఫాదర్‌కి నేనే చెప్తాను. అందరి ముందూ చెప్తాను."

"ఎవరు చేశారో కూడా ఉందా అందులో?"

"ఉంది."

ఆమె కాగితం వైపు చూసింది. తరవాత నా వైపు చూసింది. నేను గిల్వరీ పిల్లను, కూర్చున్నదాన్ని లేచి నిలబడి ఉన్నాను, గుమ్మడికాయల దొంగలా నా భుజాలు నేనే తడుముకుంటున్నాను. ఇంక చదవడానికి ఏం మిగిలింది?

"గురువారం నన్ను రుయేన్లు టీకి పిలిచారు" అంది డెలియా. "యాభై ఆరేళ్లలో ఒకళ్లు పిలవడం ఇదే. ఏం వేసుకుని వెళ్లాలో కూడా తెలీదు నాకు. ఇది చదివితే ఎలా వెళ్తాను చెప్పు? అందరి మధ్య కూర్చుని ఏం మాట్లాడతాను? మళ్లీ ఇంట్లో కూర్చోవాలి, ఈసారి నా అంతట నేనే. ఆయన ఉంటే వేరు. ఆయన కోసమైతే చదివేదాన్ని." లేచి స్కార్ఫు ముడి బిగించింది. "ఆయన లేడుగా. తీసెయ్ దాన్ని."

తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. పళ్లెం మీద గుడ్డ సర్దింది.

"ఆపిల్ టార్ట్. మీ నాన్నకని చేశాను. ప్రతి శనివారం ఇస్తున్నా కదా, ఇవాళ ఇవ్వకపోతే ఎందుకివ్వలేదని అడుగుతాడు. పట్టుకెళ్లు."

పట్టుకెళ్లాను. కాగితం పుస్తకంలో పెట్టేశాను, పెట్టె లైబ్రరీకి పోయింది, నాకు తెలిసి ఇంతవరకు ఎవరూ అది తెరవలేదు. ఆ సాయంత్రం అమ్మ టార్ట్ ముట్టుకోలేదు. నాన్న రెండు ముక్కలు తిని, మూతి తుడుచుకుని, ఎంతైనా విశ్వాసం ఉన్న మనిషి అన్నాడు.